ఊరు మారితే ఇంగ్లీషూ మారుతుంది: అమెరికా యాసల్నీ మాటల్నీ చెవికి పట్టించుకునే పద్ధతి

అమెరికా వచ్చిన కొత్తలో ఒహాయోలో పనిచేసేవాణ్ణి. నా టీములో ఒకాయన మెయిల్‌లో "ద సర్వర్ నీడ్స్ రీస్టార్టెడ్" అని రాశాడు. మధ్యలో "టు బీ" మర్చిపోయాడు కాబోలనుకుని, ఆ మెయిల్ క్లయింటుకు వెళ్లేలోపు నేనే దిద్దేశాను. వారం తిరక్కుండానే అదే తీరు వాక్యాలు ఇంకో ముగ్గురి నోట విన్నాను, కారు "నీడ్స్ వాష్డ్", గడ్డి "నీడ్స్ మోడ్" అని. అప్పుడు తెలిసింది, అది మర్చిపోవడం కాదు, పశ్చిమ పెన్సిల్వేనియా నుంచి ఒహాయో మీదుగా ఇండియానా దాకా తరతరాలుగా నడుస్తున్న పద్ధతి అని, 18వ శతాబ్దంలో ఉత్తర ఐర్లండ్ వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ స్కాట్స్-ఐరిష్ కుటుంబాలు తెచ్చుకున్న వాక్యమని. ఆయన ఊరి భాషను నేను తప్పని దిద్దాను. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే బాధగానే ఉంటుంది, ఎందుకంటే "గట్లనా" అన్నవాళ్లని, "ఏటి సేత్తన్నావు" అన్నవాళ్లని తెలుగు సరిగ్గా రాదనడం చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాణ్ణే నేను.

ఆ తర్వాత టెక్సస్‌లో కొన్నేళ్లున్నాను, ఇప్పుడు న్యూజెర్సీ. మూడు చోట్లా విన్నదీ, ఆ తర్వాత చదివి తెలుసుకున్నదీ కలిపి, కొత్తగా వచ్చేవాళ్లకు పనికొచ్చేలా అడుగడుగుగా రాస్తున్నాను. ముందే ఒక మాట: ఇది అమెరికన్ యాస పెట్టుకోవడం నేర్పే గైడు కాదు, వినడం నేర్పే గైడు. మన తెలుగు యాసతో మాట్లాడినా ఏ ఇబ్బందీ లేదు, ఎదుటివాళ్లు అన్నది ఒక్కసారికే పట్టుకోగలిగితే సగం టెన్షన్ పోతుంది.

మొదటి అడుగు: అందరి అమెరికన్ వేరు, ఊరి అమెరికన్ వేరు

"వీళ్ల యాస అర్థం కావట్లేదు" అని మనం అనుకునేదాంట్లో చాలావరకు ఏ ఒక్క ఊరిదీ కాదు, దేశమంతా ఉన్నదే. ముందు దాన్ని పక్కన పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం రెండు అచ్చుల మధ్య వచ్చే ట. పుస్తకాల్లో అది 'డ'లా మారుతుందని రాస్తారు కానీ మన చెవికి ఇంకా దగ్గరి పోలిక ఒకటుంది, అది మన "చీర"లో ఉండే తేలికపాటి ర. నాలుక ఒక్కసారి పైన తాకి వదిలేస్తుంది, అంతే. "గెట్ ఇట్" అన్నది "గెరిట్"లా, "పుట్ ఇట్ ఆన్" అన్నది "పురిరాన్"లా వినిపించేది అందుకే. ఈ ఒక్క ముక్క తెలిస్తే వేగంగా మాట్లాడేవాళ్లు ఉన్నట్టుండి నెమ్మదిగా మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. నిజంగానే.

రెండోది "కెన్", "కాంట్". మనం చివరి ట కోసం ఎదురుచూస్తాం, అది చాలామంది నోట వినపడదు. వాళ్లు తేడా చూపించేది అచ్చులో. చేయగలను అన్నప్పుడు "ఐ కన్ గో" అని ఆ మాటను మింగేసి బరువంతా "గో" మీద వేస్తారు, చేయలేను అన్నప్పుడు "ఐ క్యాన్ గో" అని ఆ మాట మీదే నిలబడతారు. కాబట్టి "క్యాన్" అని నిండుగా, గట్టిగా వినిపిస్తే అది ఎక్కువసార్లు లేదు అనే. పని విషయంలో అనుమానం వస్తే "సో దట్స్ ఎ నో?" అని అడిగేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

రెండో అడుగు: మ్యాపును తూర్పు నుంచి పడమరకు చదవండి

తూర్పు తీరంలో యాసలు చిక్కగా, పక్కపక్కనే ఉంటాయి. న్యూయార్క్ నుంచి ఫిలడెల్ఫియాకు కారులో రెండు గంటలు, కానీ రెండు ఊళ్ల మాటతీరు స్పష్టంగా వేరు. పడమటికి పోయేకొద్దీ పలచబడతాయి. కారణం జనం కదిలిన దారులే. బోస్టన్, ఫిలడెల్ఫియా, చార్ల్‌స్టన్ లాంటి రేవుల్లో ఇంగ్లండ్‌లోని వేర్వేరు ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు 17, 18 శతాబ్దాల్లోనే పాతుకుపోయారు, వాళ్ల పిల్లలు పడమటికి వెళ్లి ఒకరితో ఒకరు కలిసిపోయేసరికి అంచులు అరిగిపోయాయి. 1825లో ఈరీ కాలువ తెరుచుకున్నాక న్యూ ఇంగ్లండ్, ఉత్తర న్యూయార్క్ జనం ఆ దారి పట్టుకుని గ్రేట్ లేక్స్ ఒడ్డున స్థిరపడ్డారు. బఫెలో, క్లీవ్‌లాండ్, డిట్రాయిట్, షికాగో ఊళ్ల పాతతరం మాటల్లో ఇంత పోలిక ఉండటానికి అదొక పెద్ద కారణం.

భాషాశాస్త్రవేత్తలు విలియం లబోవ్, షారన్ యాష్, చార్ల్స్ బోబర్గ్ కలిసి ఉత్తర అమెరికా ఇంగ్లీషుకు 2006లో పెద్ద అట్లాసు తెచ్చారు. పట్టణాల వాళ్లకు ఫోన్లు చేసి, వాళ్ల అచ్చుల్ని కొలిచి గీసిన మ్యాపులవి. అంత వివరం మనకు అక్కర్లేదు. న్యూ ఇంగ్లండ్, న్యూయార్క్ నగరం, ఫిలడెల్ఫియా-బాల్టిమోర్, గ్రేట్ లేక్స్ ఒడ్డు, వాటి కింద నడిమి పట్టీ, దక్షిణం, పడమర, ఈ ఏడూ గుర్తుంటే చాలు. పిట్స్‌బర్గ్, మినెసోటా లాంటివి ఎదురైనప్పుడు నేర్చుకోవచ్చు.

మూడో అడుగు: కొన్ని మాటలు పట్టుకుని అచ్చుల్ని పరీక్షించండి

ఇక్కడ తొందరపడకండి, ఎక్కువ ఫలితం ఇచ్చేది ఈ అడుగే. హల్లులు దేశమంతా దాదాపు ఒకటే, ఊరు తెలిసేది ఎక్కువగా అచ్చుల్లో.

డాన్ అనే మగపేరు, డాన్ అనే ఆడపేరు. ఒకటి డొనాల్డ్‌కి పొట్టిపేరు, ఇంకొకటి తెల్లవారుజాము అనే అర్థం ఉన్నది. కాలిఫోర్నియాలో చాలామంది రెంటినీ ఒకేలా పలుకుతారు, న్యూయార్క్, న్యూజెర్సీల్లో ఆడపేరును పెదవులు గుండ్రంగా చుట్టి, ఓకి దగ్గరగా తీసుకెళ్లి పలుకుతారు. "కాఫీ" అక్కడ "కోఅఫీ"లా వినిపించేది కూడా ఇదే అచ్చు వల్ల. మీ ఆఫీసులో ఈ రెండు పేర్లవాళ్లూ ఉంటే ఎవర్ని పిలుస్తున్నారో తెలుసుకోవడానికి ఇది నిజంగా పనికొస్తుంది.

పెన్ను, పిన్ను. దక్షిణాదిలో న, మ ముందు వచ్చే ఎ, ఇ కలిసిపోతాయి. టెన్ అంటే "టిన్", సెండ్ అంటే "సిండ్", వెండీ అనే పేరు "విండీ". అందుకే అక్కడ రాసుకునేదాన్ని విడిగా "ఇంక్ పెన్" అనడం వింటారు.

ఐ అనే అచ్చు. దక్షిణాదిలో ఇది సాగి దాదాపు ఆ అయిపోతుంది, "టైమ్" అంటే "టా..మ్", "ఫైవ్" అంటే "ఫా..వ్", "నైన్" అంటే "నా..న్". ఫోన్ నంబర్లలో ఐదు, తొమ్మిది తడబడేది ఇక్కడే, కాబట్టి ఎప్పుడూ అంకెల్ని తిరిగి చదివి వినిపించండి. ఇంకా లోతుగా వినాలనుంటే "నైస్ వైట్ రైస్" అన్న మూడు మాటలు గమనించండి. దక్షిణాదిలో చాలాచోట్ల "టైమ్" సాగినా ఈ మూడూ మామూలుగానే ఉంటాయి, అపలాచియా కొండల్లో, టెక్సస్‌లో కొన్ని చోట్ల ఇవి కూడా సాగుతాయి. ఒకే దక్షిణాది అనుకున్నదాంట్లోనే రెండు మూడు ఉన్నాయని నాకు మొదటిసారి తెలిసింది దీనితోనే.

ర. బోస్టన్ పాతతరం "కార్"ని "కా" అంటుంది, మాట చివర ర వదిలేస్తుంది, కానీ "ఐడియా ఆఫ్" అన్నచోట మధ్యలో లేని ర తెచ్చి "ఐడియరవ్" అంటుంది. రెంటికీ ఒకటే లెక్క. తర్వాత అచ్చు వస్తే ర వస్తుంది, రాకపోతే పోతుంది. సంధి చదువుకున్నవాళ్లకు ఇది కొత్త కాదు, మన యడాగమం ఎలాగో వాళ్ల ర అలాగ.

షికాగో, డిట్రాయిట్, బఫెలో వైపు పెద్దవాళ్ల నోట "బ్లాక్" అంటే వీధి అనుకోవాల్సింది నలుపులా వినిపించొచ్చు, "క్యాట్" అన్నది "కియట్"లా సాగొచ్చు. కుర్రకారులో ఇది తగ్గిపోతోంది. పిట్స్‌బర్గ్‌లో "డౌన్‌టౌన్" అన్నది "డాన్‌టాన్", ఫిలడెల్ఫియాలో "వాటర్" అన్నది "వుడర్".

మినెసోటా గురించి ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను. మిగతా అమెరికాలో "గో", "బోట్" అనేటప్పుడు ఓ చివర్లో ఉ వైపు జారుతుంది. మినెసోటాలో పాతకాపు మాటలో అది జారదు, మన "గోడ"లో ఉన్న ఓ లాగా నిటారుగా నిలబడుతుంది. తెలుగువాళ్ల ఇంగ్లీషులో ఓ కూడా అంతే. మనం ఏ ఓని మార్చుకోవాలని తాపత్రయపడతామో ఆ ఓతోనే ఒక రాష్ట్రమంతా హాయిగా బతుకుతోంది.

నాలుగో అడుగు: వస్తువుల పేర్లు అడిగి తెలుసుకోండి

మనకు సొరకాయ, ఆనపకాయ ఎలాగో వీళ్లకు కూల్‌డ్రింకు అలాగ. ఈశాన్యంలో, కాలిఫోర్నియాలో "సోడా". గ్రేట్ లేక్స్, మధ్య పశ్చిమం, వాయవ్యం, పిట్స్‌బర్గ్ వైపు "పాప్". దక్షిణాదిలో చాలాచోట్ల ఏ కంపెనీదైనా "కోక్" అనే అంటారు, కోకా-కోలా పుట్టింది కూడా 1886లో అట్లాంటాలోనే. సెయింట్ లూయీ, మిల్వాకీ మాత్రం పాప్ సముద్రం మధ్యలో సోడా దీవులు.

పొడుగు బ్రెడ్డులో మాంసం, కూరముక్కలు పెట్టే సాండ్‌విచ్ చాలాచోట్ల "సబ్", ఫిలడెల్ఫియాలో "హోగీ", న్యూయార్క్‌లో "హీరో", న్యూ ఇంగ్లండ్‌లో కొన్ని చోట్ల "గ్రైండర్", న్యూ ఆర్లియన్స్‌లో దాని చుట్టమైన "పో బాయ్". అక్కడ పో బాయ్ కొనేటప్పుడు "డ్రెస్డ్?" అని అడిగితే ఆకుకూర, టమాటా, మయోనీజ్ వేయమంటారా అని. సూపర్‌మార్కెట్లో తోసుకెళ్లే బండి ఎక్కువచోట్ల "కార్ట్", దక్షిణాదిలో "బగ్గీ", న్యూ ఇంగ్లండ్‌లో "క్యారేజ్". తాగునీళ్ల కుళాయి తూర్పు విస్కాన్సిన్‌లో, రోడ్ ఐలండ్‌లో "బబ్లర్". ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముకునేది "గరాజ్ సేల్" లేదా "యార్డ్ సేల్", కనెటికట్‌లో "ట్యాగ్ సేల్".

రోడ్డు మాటలు డ్రైవింగ్ మొదలుపెట్టేలోపు తెలిసి ఉండాలి. హైవేకి పక్కగా నడిచే రోడ్డును హ్యూస్టన్‌లో "ఫీడర్" అంటారు, మిగతా టెక్సస్‌లో "సర్వీస్ రోడ్", "యాక్సెస్ రోడ్", "ఫ్రంటేజ్ రోడ్" అని వింటారు. లాస్ ఏంజిలెస్ వాళ్లు "ద 405" అంటారు, శాన్ ఫ్రాన్సిస్కో వైపు ఆ "ద" లేకుండా "101" అంటే చాలు. గుండ్రటి కూడలి మసాచుసెట్స్‌లో "రోటరీ", న్యూజెర్సీలో "సర్కిల్".

మీరు అనే బహువచనం ఇంగ్లీషులో లేకపోవడం వాళ్లకూ లోటే, అందుకే ఊరికొకటి తయారుచేసుకున్నారు. దక్షిణాదిలో "యాల్", ఉత్తరంలో "యూ గైజ్", న్యూయార్క్, ఫిలడెల్ఫియా వైపు "యూజ్", పిట్స్‌బర్గ్‌లో "యిన్జ్". "యాల్" నాకు చాలా ఇష్టమైన మాట, నువ్వు, మీరు తేడా ఉన్న భాష నుంచి వచ్చినవాళ్లకు అది లేని ఇంగ్లీషు ఎప్పుడూ కొంచెం ఇరుగ్గానే ఉంటుంది.

ఈ మాటల్ని ఎవరు ఏరారో చెప్పాలి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ కాసిడీ నడిపించిన ప్రాంతీయ ఇంగ్లీషు నిఘంటువు కోసం 1965 నుంచి 1970 దాకా విద్యార్థులు, పరిశోధకులు వ్యాన్లలో దేశమంతా తిరిగి, 1002 ఊళ్లలో 2777 మందిని కలిసి, ఊరికి 1600కు పైగా ప్రశ్నల చొప్పున అడిగారు. మొదటి సంపుటం 1985లో వచ్చింది, అక్షరక్రమం పూర్తయిన ఐదో సంపుటం 2012లో. మన దగ్గర భద్రిరాజు కృష్ణమూర్తిగారు అంతకుముందే ఇలాంటి పని చేయించారు, రైతుల దగ్గరికెళ్లి సేకరించిన వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వెలువడింది, చేనేత సంపుటం 1971లో. రెండు చోట్లా ఒకటే పద్ధతి: నాగలికి మీ ఊళ్లో ఏమంటారు, దీనికేమంటారు అని అడగడం, చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం. మీరు చేయాల్సిందీ అదే. "వాట్ డూ యూ కాల్ దిస్ అరౌండ్ హియర్?" అని అడగండి.

ఐదో అడుగు: తెలిసిన మాటే అని మోసపోకండి

కొత్త మాట వినపడితే అడుగుతాం, తెలిసిన మాట వేరే అర్థంతో వస్తే అడగం, చిక్కంతా అక్కడే.

"క్వార్టర్ ఆఫ్ ఫైవ్" అంటే ఐదుంబావు కాదు, పావుతక్కువ ఐదు, అంటే 4:45. ఈశాన్యంలో ఎక్కువ వింటారు. న్యూజెర్సీ వచ్చిన కొత్తలో దీనివల్ల ఒక మీటింగుకు అరగంట ఆలస్యంగా వెళ్లాను. దక్షిణం వైపు ఇదే "క్వార్టర్ టిల్".

"ఎనీమోర్" ఉంటే వాక్యంలో లేదు, కాదు అనేది ఉండాలని బడిలో చెప్పారు మనకు. నడిమి రాష్ట్రాల్లో అది లేకుండానే వాడతారు. "ఎనీమోర్, వుయ్ జస్ట్ ఆర్డర్ ఆన్‌లైన్" అంటే ఈమధ్య ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటున్నాం అని, మానేశాం అని కాదు.

దక్షిణాదిలో హోటల్లో ఊరికే "టీ" అంటే ఐసు వేసిన చల్లటి తియ్యటి టీ తెస్తారు, వేడిది కావాలంటే "హాట్ టీ" అనాలి. అక్కడి పల్లెల్లో పెద్దవాళ్లు "డిన్నర్" అని పిలిస్తే అది మధ్యాహ్న భోజనం కావచ్చు, టైమ్ అడగండి. "ఫిక్సిన్ టు" అంటే చేయబోతున్నాను. "మైట్ కుడ్" అంటే బహుశా చేయగలనేమో, మర్యాదగా అన్న మాట, ఖాయం అనుకోకండి. "బ్లెస్ యువర్ హార్ట్" నిజమైన జాలి కావచ్చు, పాపం తెలివిలేదు అనీ కావచ్చు, గొంతు వినాలి, ఎవరి గురించి అంటున్నారో చూడాలి. న్యూయార్క్‌లో "ఆన్ లైన్" నిలబడటం అంటే క్యూలో నిలబడటం.

ఆరో అడుగు: ఊళ్ల పేర్లు ఆ ఊరివాళ్లు పలికినట్టే

ఇది చిన్న అడుగే, గౌరవం మాత్రం పెద్దది. డాలస్ పక్కన ప్లేనో. ప్లానో కాదు. టెక్సస్ నగరం హ్యూస్టన్, న్యూయార్క్‌లో అవే అక్షరాలున్న వీధి హౌస్టన్. శాన్ ఆంటోనియో ఉన్న కౌంటీ పేరులో ఎక్స్ అనే అక్షరం కనిపిస్తుంది కానీ పలకడం "బేర్" అని. ఒహాయోలో లైమా, కెంటకీలో వెర్సేల్స్, మసాచుసెట్స్‌లో వుస్టర్. నెవాడాలో "వా" అంటే అక్కడివాళ్లు ఒప్పుకోరు, "నెవ్యాడా" అనాలి. ఆర్కన్‌సా చివర స పలకకూడదని ఆ రాష్ట్ర శాసనసభ 1881లో తీర్మానమే చేసింది. తూర్పుగోదావరి పక్క ఊరి పేరు ఎవరైనా తప్పు పలికితే మనకెలా ఉంటుందో వాళ్లకూ అంతే.

ఏడో అడుగు: తప్పు అన్న మాట మనసులోంచి తీసేయండి

1962లో లబోవ్ న్యూయార్క్‌లో మూడు పెద్ద దుకాణాలకు వెళ్లాడు, ఒకటి ఖరీదైనది, ఒకటి మధ్యరకం, ఒకటి చవక. నాలుగో అంతస్తులో ఉన్న సరుకు ఎక్కడుందని సేల్స్‌వాళ్లని అడిగి, "ఫోర్త్ ఫ్లోర్" అన్నప్పుడు ర పలికారా లేదా రాసుకున్నాడు, సరిగ్గా వినపడనట్టు మళ్లీ అడిగి రెండోసారి కూడా రాసుకున్నాడు. ఖరీదైన దుకాణంలో ర ఎక్కువ, చవక దుకాణంలో తక్కువ, జాగ్రత్తగా చెప్పిన రెండోసారి ర పెరిగింది. అంటే ఊరొక్కటే కాదు, డబ్బు, హోదా, ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అనే భయం, ఇవన్నీ నోట్లో ఉంటాయి.

నల్లజాతి అమెరికన్ల ఇంగ్లీషు విషయంలో ఇది మరీ ముఖ్యం, మనవాళ్లలో కొందరు దాన్ని విరిగిన ఇంగ్లీషు అనడం నేను విన్నాను, అది సరికాదు. "హి బీ వర్కింగ్" అంటే ఇప్పుడు పనిలో ఉన్నాడని కాదు, మామూలుగా పనిచేస్తూ ఉంటాడని. ఇప్పుడు పనిలో ఉన్నాడంటే "హి వర్కింగ్". బడి ఇంగ్లీషులో అదనపు మాట లేకుండా చూపలేని తేడాను ఇది క్రియలోనే చూపిస్తుంది. 1996లో కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ స్కూల్ బోర్డు ఈ భాషను గుర్తిస్తూ తీర్మానం చేస్తే దేశమంతా గొడవైంది, ఆ మరుసటి ఏడాది జనవరిలో అమెరికా భాషాశాస్త్ర సంఘం ఇది నియమాలున్న, పద్ధతైన భాషారూపమే అని తీర్మానించింది.

ఎనిమిదో అడుగు: మీ నోట్లో ఏం మార్చుకోవాలి

మాటలు మార్చుకోండి, యాస మార్చుకోనక్కర్లేదు. షికాగోలో ఉన్నప్పుడు "పాప్" అనండి, ఫిలడెల్ఫియాలో "హోగీ" అడగండి, కూల్‌డ్రింక్ అంటే ఎవరికీ తెలియదు. కానీ సాగదీసిన టెక్సస్ గొంతు తెచ్చిపెట్టుకోకండి, వెక్కిరిస్తున్నారేమో అనుకునే ప్రమాదముంది. మన వైపు నుంచి దిద్దుకోవాల్సింది ఒకటుంది, "వెస్ట్"లో రెండు రకాల వ. దిక్కు అన్నప్పుడు పెదవులు గుండ్రంగా, కోటు లోపలి చొక్కా అన్నప్పుడు పై పళ్లు కింది పెదవికి తాకాలి. అది ఏ ఊళ్లోనైనా పనికొస్తుంది.

పిల్లల సంగతి వేరు. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో పెరిగే పిల్లలు "యాల్" అంటారు, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పెరిగేవాళ్లు "యూ గైజ్" అంటారు, ఇంట్లో మనం ఏ ఇంగ్లీషు మాట్లాడినా వాళ్లు పట్టుకునేది బడిలో తోటిపిల్లల దగ్గర్నుంచే. దానికి కంగారు పడకండి, మీరు ఇంట్లో తెలుగు మాట్లాడండి.

తొమ్మిదో అడుగు: రోజూ 15 నిమిషాలు

సినిమాలతో మొదలుపెట్టకండి, నటులు పెట్టుకున్న యాస చాలాసార్లు అతిగా ఉంటుంది. మీ ఊరి సిటీ కౌన్సిల్ మీటింగు వీడియో పెట్టుకోండి, చివర్లో మామూలు జనం వచ్చి రోడ్డు గుంతల గురించి, చెత్త గురించి మాట్లాడే భాగం ఉంటుంది, అంతకన్నా అచ్చమైన స్థానిక మాట ఉచితంగా ఎక్కడా దొరకదు. రెండు నిమిషాలు విని, ఆపి, విన్నది గట్టిగా చెప్పుకుని, మళ్లీ వినండి. జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం వాళ్ల యాసల భాండాగారంలో ఒకే పేరా వేర్వేరు ఊళ్లవాళ్లు చదివిన రికార్డింగులుంటాయి, తెలుగువాళ్లు చదివినవీ ఉన్నాయి. అలబామా మనిషిదీ, బోస్టన్ మనిషిదీ, ఒక తెలుగు మనిషిదీ వరసగా వింటే మూడో అడుగులో చెప్పిందంతా చెవికి అందుతుంది.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని మాట, ఊరు, చెప్పినవాళ్ల వయసు సుమారుగా రాసుకోండి. నా పుస్తకంలో మొదటి పేజీలో ఉన్నది ఒహాయోలో పక్కింటి పెద్దావిడ చెప్పింది. రోడ్డుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య ఉండే గడ్డిపట్టీని ఏమంటారని అడిగితే, తను పుట్టిన ఆక్రన్‌లో "డెవిల్ స్ట్రిప్" అనీ, భర్తది క్లీవ్‌లాండ్ కాబట్టి ఆయన "ట్రీ లాన్" అనేవాడనీ, పెళ్లయిన 40 ఏళ్లూ ఎవరి మాట వాళ్లదేననీ మెట్ల మీద కూర్చుని చాలాసేపు చెప్పింది. ఆ పట్టీకి మీ ఊళ్లో ఏమంటారో రేపు ఎవరినైనా అడిగి మొదటి పేజీలో రాసుకోండి.